బల్ల దగ్గర నాలుగో మనిషి

ప్రియమైన కోడలు పిల్లకి,

అత్తయ్య దీవెనలు. ప్రభువు దయ వల్ల నేను కులాసా. నువ్వూ నా మనవరాలు పిడుగూ బాగున్నారనే అనుకుంటున్నాను. లేకపోయినా నువ్వు చెబుతావా ఏంటి, పంటి బిగువున లాక్కొచ్చే రకానివి. నేను వండి పెట్టే నర్సుల హాస్టలు ఆఫీసులో ఫోనుంది కదా అంటావు. వార్డెనమ్మ ఎదురుగా కూర్చుని చెవి ఇటు పారేస్తే నాకు మాట పెగలదు. అందుకే ఈ కాగితం.

పండగ దగ్గరికొచ్చింది. నా కొడుకు లేని మొదటి క్రిస్మస్. అసలు రాకపోతే బాగుండునని నాకూ ఉంది, కానీ క్యాలెండరు మన మాట వినదుగా. పిడుగు కోసమైనా చెయ్యాలి. చేతిలో డబ్బు ఎంతమాత్రముందో నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ లెక్క రాసి కాగితం పాడుచెయ్యను. కొత్త గౌను కొనకు. వాడి నీలం చొక్కా పెట్టెలో ఉంది కదా, దాన్ని కత్తిరించి పిల్లకి కుట్టు. చెట్టు వద్దు, ఏదన్నా కొమ్మ తెచ్చి బకెట్లో ఇసక పోసి నిలబెట్టు. గుమ్మానికి కట్టే కాగితం నక్షత్రం చిరిగిన చోట మీ లాండ్రీలో బట్టలు చుట్టే కాగితం అతికించు. కేకు సంగతి నేను చూసుకుంటాను. ఇక్కడ నర్సు పిల్లలకి కేకు చేసినప్పుడు అంచులు కోసేస్తాం, ఆ అంచులన్నీ నావేనని వార్డెనమ్మకి ముందే చెప్పి పెట్టాను. కోడి ఒకటి తీసుకో, చిన్నదే. బంగాళదుంపలు ఎక్కువ వేస్తే కోడి పెద్దదవుతుంది. వంటమనిషిని చెబుతున్నాను, నమ్ము.

ఇంకో మాట. మీ మామగారి ఆచారం ఈ ఏడు ఆపేద్దాం. 'ప్రభువు పుట్టిన రాత్రి సత్రంలో చోటు లేదన్నారు, మన ఇంట్లో ఆ మాట వినపడకూడదు' అని ప్రతి క్రిస్మస్‌కీ ఎవరూ లేని మనిషినొకణ్ణి పట్టుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. ముందు అతని వాటా తీశాకే మనకి. ఆయన పోయాక నా కొడుకు పట్టుకొచ్చాడు. గొడుగులు బాగుచేసే ముసలాయన గుర్తున్నాడా, తిన్నంత తిని మన చెంచాలు జేబులో వేసుకుపోయాడు. అప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడు అంత ఓపిక లేదు. దేవుడికి మన పరిస్థితి తెలుసు, ఏమీ అనుకోడు.

పండగనాడు ఇక్కడ పొద్దుటి ఫలహారాలు వడ్డించేసి బస్సెక్కుతాను. మధ్యాహ్నం భోజనానికి నీ దగ్గరుంటాను. గోదాములో గొలుసు తెగి ఇనుము నెత్తిన పడితే మనిషేం చేస్తాడు, మన రాత అని రోజూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. నువ్వూ అలాగే చెప్పుకో.

నీ అత్తయ్య

•

ప్రియమైన అత్తయ్యకి,

నమస్కారాలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. పిడుగుకి దగ్గు తగ్గింది. లాండ్రీలో పండగ రద్దీ. హోటళ్ళ బల్లగుడ్డలు కొండలా వచ్చి పడుతున్నాయి, సాయంత్రానికి భుజం నాది కాదు.

చొక్కా కత్తిరించాను. కత్తెర పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను గానీ చివరికి కత్తిరించాను. జేబు మాత్రం అలాగే ఉంచాను. పిడుగు అందులో చెయ్యి పెట్టుకుని పెద్దమనిషిలా ఇల్లంతా తిరుగుతోంది. నక్షత్రానికి కాగితం అతికించాను.

అత్తయ్యా, మీరు చెప్పినవన్నీ చేస్తాను, ఒక్కటి తప్ప. మీ ఉత్తరం అందేసరికే నాలుగో మనిషిని పిలిచేశాను. ఎవరూ లేని మనిషే. చలి మొదలైనప్పటి నుంచి మన గుమ్మంలో బకెట్టుతో బొగ్గులు పెట్టి వెళుతున్నాడు, లోపలికి రమ్మంటే రాడు. వంటింటి తలుపు ఊడితే బందు బిగించింది కూడా అతనే, అదీ బయట నిలబడే. అతని వాటా నా వాటాలోంచి తీస్తాను. మీరు కోప్పడకండి. వచ్చాక మీరే చూద్దురు గానీ.

మీ కోడలు

•

కోడలికి,

బొగ్గులు ఎవరూ ఊరికే మోసుకురారు. మీ లాండ్రీలో ఎవరైనా నీ గుడ్డలు ఊరికే ఇస్త్రీ చేసి పెడుతున్నారా? మొగుడు పోయి ఏడాది తిరగని ఇంటి గుమ్మంలో మగమనిషి రోజూ నిలబడితే వీధి ఏమనుకుంటుందో నేను చెప్పాలా? నిప్పు లేనిదే పొగ రాదంటారు.

నీ ఉత్తరం వెనక పిడుగు బొమ్మ వేసి పంపింది. పొడుగాటి మనిషి, టోపీ, చేతిలో బకెట్టు. కింద వంకర అక్షరాలతో 'బాబాయ్' అని రాసింది. ఏ బాబాయి? నాకు ఇంకో కొడుకు లేడే. ఎవరతను, ఏం చేస్తాడు, ఎన్నాళ్ళుగా తెలుసు, అన్నీ రాయి.

అత్తయ్య

•

ప్రియమైన అత్తయ్యకి,

మీ కోపం సబబే. కానీ అతనెవరో ఉత్తరంలో రాయలేను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి. వీధి అనుకునేది వీధి అనుకోనీ. పండగకి మాత్రం మీరు తప్పకుండా రండి. మీరు రాకపోతే ఈ ఇంట్లో పండగ లేదు.

మీ కోడలు

•

ప్రియమైన తల్లీ,

ఇన్నాళ్ళూ జవాబు లేదని బెంగ పెట్టుకుని ఉంటావు. మొదట కోపమే, అబద్ధం ఎందుకు. ఒక పూట పాలు మాడబెట్టాను, ఇంకో పూట సూపులో ఉప్పు రెండుసార్లు వేశాను. నర్సు పిల్లలు ఒంట్లో బాలేదా పెద్దమ్మా అని నాడి పట్టుకుని చూశారు. వాళ్ళకి అదో సరదా.

ఆ పిల్లల్ని చూస్తుంటేనే నాకు బుద్ధొచ్చింది. వాళ్ళలో పెద్దదానికి నీ వయసే. ఇంకా పెళ్ళి గురించి గుసగుసలాడుకుంటున్నారు, దువ్వెనల కోసం కొట్టుకుంటున్నారు. నువ్వేమో పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె మోసి, ఇంటికొచ్చి ఒక్కదానివే పిల్లని పడుకోబెట్టుకుంటున్నావు. మీ అమ్మ వచ్చెయ్యమంటే, అత్తయ్య పండక్కి ఎక్కడికొస్తుంది అన్నావట. ఆ మాట నాకు చేరింది. నా కొడుకుతో పాటు నిన్ను కూడా పూడ్చిపెట్టాలనుకుంటే నేను మనిషినే కాదు.

అతను తాగనివాడైతే, పిల్లని కసురుకోనివాడైతే నేను అడ్డు రాను. పాస్టరుగారితో నేనే మాట్లాడతాను. నీ ఎదురుగా నిలబడి ఇంత తేలిగ్గా చెప్పలేనని ఇక్కడే రాసేస్తున్నాను. ఏడవకుండా రాశానని మాత్రం అనుకోకు. పండగనాడు అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టకు. నా కొడుకు కుర్చీలోనే కూర్చోబెట్టు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు ముద్ద దిగదు. కొత్త మనిషి కూర్చుంటే మొదట్లో కష్టంగానే ఉంటుంది, చూడగా చూడగా అలవాటవుతుంది.

నీ అత్తయ్య

•

ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే చదివాను. ఎవరిదో దిండు గలీబు మాడిపోయింది. ఇంత మనసు చేసుకుని రాశారు, నేనేమో మీరు అనుకున్నదానికంటే పెద్ద బరువు మీ నెత్తిన పెట్టబోతున్నాను. మీరనుకున్నది కాదత్తయ్యా. ఇక దాస్తే అది మోసమే అవుతుంది.

అతను గోదాములో క్రేను నడిపిన మనిషి.

వానాకాలంలో ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గొలుసు తెగింది నిజమే, కానీ తెగకముందే మీ అబ్బాయి కింద నుంచి ఆపమని చెయ్యెత్తారట. ఆ క్షణంలో ఇతను తల పక్కకి తిప్పుకుని సిగరెట్టు ముట్టించుకుంటున్నాడు. చూసి ఉంటే ఆపేవాణ్ణి అన్నాడు. కంపెనీ వాళ్ళకి ఆ మాట చెబితే నోరు మూసుకోమన్నారట. తప్పంతా గొలుసు మీదే రాసేశారు. అందరూ గొలుసునే తిట్టారు, ఇతనికి ఓదార్పు చెప్పారు.

"నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదమ్మా. నువ్వైనా అను," అన్నాడు.

తలుపు వేసేసుకున్నాను. మర్నాడు గుమ్మంలో బొగ్గులున్నాయి. వీధిలో పారబోశాను. మళ్ళీ పెట్టాడు. చలి ముదిరాక, పిడుగు దగ్గుతుంటే పారబొయ్యలేకపోయాను. ఉద్యోగం తనంతట తనే మానేసి మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. క్షమించావా అని మీరడిగితే నాకే తెలీదు. కొన్ని రోజులు ఆ బకెట్టు చూస్తే ఒళ్ళు మండిపోతుంది. కానీ పోయిన క్రిస్మస్ అయ్యాక ఈయన నాతో అన్నారు, 'మా క్రేను నడిపేవాడికి ఎవరూ లేరు, వచ్చే ఏడు వాణ్ణి పిలుద్దాం' అని. ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. విననట్టు ఎలా ఉండను?

మీకు కూడా తన నోటితో చెప్పాలని అతని కోరిక. మీరు రాకపోతే తప్పు పట్టను. అతన్ని రానివ్వొద్దంటే ఒక్క ముక్క రాయండి, రావద్దని చెప్పేస్తాను. మీ తర్వాతే ఎవరైనా.

మీ కోడలు

•

ప్రియమైన అత్తయ్యకి,

మీరు రమ్మనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. వద్దనలేదు కాబట్టి అతన్ని రానిచ్చాను. బస్సు వేళకి పిడుగు నీలం గౌను వేసుకుని వీధి చివర నిలబడింది. దిగినవాళ్ళలో మీరు లేరు. చివరికి ముగ్గురమే తిన్నాం. మీ కంచం మాత్రం బల్ల మీద నుంచి తియ్యలేదు.

అతన్ని పంపడానికి తలుపు తీస్తే కిటికీ కింద మీ సంచి ఉంది. కేకు అంచులు, పిడుగుకి ఊలు మేజోళ్ళు. ఇంటిదాకా వచ్చి, మీ ఇంటి కిటికీ బయట పరాయిదానిలా నిలబడి వెళ్ళిపోయారా అత్తయ్యా? లోపలికొచ్చి నా చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మిమ్మల్ని పోగొట్టుకోవడానికి కాదు నేనతన్ని పిలిచింది. ఈయన పోయాక నాకు మిగిలింది మీరే. మీరూ ఇలా వెళ్ళిపోతే నేను ఎవరి కోసం ఈ ఇల్లు తెరిచి పెట్టుకోవాలి?

ఆ సంచి చూసి అతనికీ అర్థమైంది. ఇంక రానన్నాడు. ఆ రోజు నుంచి గుమ్మంలో బొగ్గులు లేవు. జవాబు రాయండి. తిడుతూ రాసినా సరే.

మీ కోడలు

•

ప్రియమైన కోడలు పిల్లకి,

నువ్వు పరాయిదానివైతే ఎప్పుడో తిడుతూ రాసి ఊరుకునేదాన్ని. రానివ్వొద్దని ఒక ఉత్తరం రాశాను. కవరు కూడా అంటించాను. పోస్టు చెయ్యలేదు. నీ మొగుడు ఆఖరిసారి పిలవమన్న మనిషిని రావద్దనడానికి నాకు చేతులు రాలేదు. పండగనాడు కావాలనే మొదటి బస్సు వదిలేశాను. తర్వాతి దానిలో కూర్చుని దారి పొడుగునా తిట్లు ఏరుకుంటూ వచ్చాను. నా నోటి సంగతి నీకు తెలుసు, కూరగాయలవాడు నన్ను చూస్తే తక్కెడ సరిచేసుకుంటాడు. లోపలికి రావడం, ఆ కుర్చీ ముందు నిలబడి అతన్ని కడిగెయ్యడం, అదే నా ఆలోచన.

కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగాను. నువ్వు కుర్చీ చూపిస్తుంటే అతను వద్దని స్టూలు లాక్కున్నాడు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. ఎడమచేతి వాటమేమో అనుకున్నాను. తర్వాత చూస్తే కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. నువ్వు రొట్టె అందిస్తే కూడా ఆ చెయ్యి పైకి తియ్యలేదు. రొట్టె కంచంలో పెట్టించుకుని ఒంటి చేత్తో తుంచుకున్నాడు. ఏ చెయ్యో నాకు తెలిసిపోయింది. ఆ చేత్తోనే అగ్గిపుల్ల గీసి ఉంటాడు. ఏరుకున్న తిట్లన్నీ తిరిగి మూట కట్టుకున్నాను. సంచి అక్కడ పెట్టేసి వచ్చేశాను. నీ మీద కోపంతో కాదు, ఆ ఒక్క మాట నమ్ము.

దయ అనుకోకు. నా బిడ్డని ఒక సిగరెట్టుకి బలిచ్చాడు. క్షమించమని పాస్టరుగారు చెబుతారు, ఆయనకేం, ఆయన కొడుకు నిక్షేపంలా ఉన్నాడు. నేను క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకు తెలీదు. నా కొడుకు పోయిన రోజు అందరూ మన రాత అన్నారు, నేనూ అన్నాను. ఎవరినీ ఒక్క మాట అనకుండా, దేవుణ్ణి కూడా అనకుండా ఇంతకాలం వంట చేసుకుంటూ లోపల కుళ్ళిపోయాను. ఆ మనిషీ అనేవాళ్ళు లేక నాలాగే కుళ్ళిపోతున్నాడు.

వచ్చే ఆదివారం సెలవు పెట్టాను. మార్కెట్టుకి నువ్వే వెళ్ళి అతన్ని వెతికి పట్టుకో, పిల్లని పంపకు. రానంటే అత్తయ్య రమ్మందని చెప్పు. వాడు నా కడుపున పడ్డ రోజు నుంచి గోదాముకి వెళ్ళిన ఆఖరి పొద్దుటి దాకా ఒక్కొక్కటీ చెప్పి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి పేరుపెట్టి తిడతాను. ఒక్క మాటైనా అనమని అడిగాడుగా, నేను అంటాను. సాయంత్రం దాకా పట్టొచ్చు. నేను ఎంత మాటన్నా నువ్వు అడ్డం రాకు, అతను ఏడిస్తే ఏడవనీ. మధ్యలో ఆకలేస్తుంది, నలుగురికీ సరిపడా వండు.

నీ అత్తయ్య