చుక్కల దాకా ఒక చక్కెర ముక్క

3 జూన్ 1971, గురువారం

చంద్రుడి మీద మనుషులు దిగొచ్చాక లండన్‌లో మా లాడ్‌బ్రోక్ గ్రోవ్ పేట జులపాల కుర్రాళ్లకి భూమి ఇరుకైపోయింది. పాటలన్నీ అంతరిక్షంలోనే. నేను వాళ్ల బ్యాండ్ వ్యాన్ డ్రైవర్ని, వయసులో వాళ్లకి తాతని. పెట్రోలు పోయించడానికైనా ఒకడు భూమ్మీద ఉండాలిగా.

లయొనెల్ వాయించేది గిటారు కాదు, రేడియో రిపేరు షాపువాళ్లు పారేసిన టోన్ జనరేటర్. నాబ్ తిప్పితే రాకెట్టు లేచినట్టు కూస్తుంది. కానీ ఎల్ఎస్‌డీ మత్తుమందు చుక్క పడ్డ చక్కెర ముక్క నోట్లో పడందే వాడికి చెయ్యి ఆడదు.

8 జూన్, మంగళవారం

లయొనెల్ వంటింటి గోడకి చెవి ఆనించి శని గ్రహంతో మాట్లాడాడు. మధ్యాహ్నం దాకా సొంత చెల్లెలి పేరు గుర్తు రాలేదు. ఆ చెల్లెలు జూడిత్ దేనికీ జంకే పిల్ల కాదు, వేడి దీపం మీద రంగు నూనెలు పెట్టి మా వెనక తెర మీద బుడగలు ఆడించేది అదే. ఇవాళ ఏడ్చింది. ఇంక ఆపకపోతే మనిషి తిరిగి రాడని డాక్టరు చెప్పాడట. నీ వెధవ వేషాలు ఒక్కసారైనా పనికి రానీ తాతా అంది.

శని ఏమంటోందిరా అని వాణ్ణి అడిగాను. నిన్ను నోరు మూసుకోమంటోంది తాతా అన్నాడు. మతి ఇంకా పూర్తిగా పోలేదు. సంతోషం.

12 జూన్, శనివారం

ఇవాళ ఫ్లైఓవర్ కింద ఊరికే వాయించే రోజు. టికెట్ పెట్టడమంటే మావాళ్లకి పాపం. లయొనెల్ తన చక్కెర ముక్కల డబ్బా నా దగ్గరే దాస్తాడు. అందులోవి కాలవలో పారేసి టీ కొట్టు మామూలు చక్కెర ముక్కలు వేశాను. కాలవలో బాతులు ఎక్కడిదాకా ఎగిరాయో.

నోట్లో వేసుకుని కళ్లు మూశాడు. ఆ వాయింపు! ఏమీ తినని నాకే వెన్ను జిల్లుమంది. దిగొచ్చి, ఇదీ సరుకంటే తాతా, ప్లూటో దాటేశా అని కౌగిలించుకున్నాడు.

ఉండబట్టలేక చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను.

17 జూన్

నా వ్యాన్ కనిపిస్తే లయొనెల్ రోడ్డు దాటి అవతలికి పోతున్నాడు.

19 జూన్, శనివారం, సాయంత్రం

వచ్చాడు గానీ స్టేజీ ఎక్కనంటాడు. ఆ రోజు ఉత్త చక్కెరని తెలియదు కాబట్టి వాయింపు వచ్చింది, ఇప్పుడు తెలుసుగా అన్నాడు. గుప్పిట్లో కొత్త ముక్క. ఈసారి అసలుది.

ఎక్కు, పక్కన నిలబడతా అన్నాను. నువ్వు నిలబడితే ఏం ఒరుగుతుంది అన్నాడు. ఏమీ ఒరగదు, అయినా నిలబడతా అన్నాను. మమ్మల్నే చూస్తూ జూడిత్ నూనె మాడ్చేసింది.

నా చొక్కా పట్టుకుని ఎక్కాడు.

20 జూన్, ఆదివారం

నిన్న రాత్రి సంగతి. నాబ్‌లు రెండు, తిప్పడానికి రెండు చేతులూ కావాలి. వాడికి గుప్పిట విప్పక తప్పలేదు. ముక్క ఎక్కడ పడిందో చూసుకోలేదు.

రెండో పాటలో కళ్లు తెరిచి ముందున్న జనాన్ని చూశాడు. నా చెవి దగ్గరికి వంగి, మన పాటకి ఇంతమంది వస్తారా తాతా అని అడిగాడు.