పత్తి చేలో ఐదో రోజు

వీరబాబూ,

బట్టల కోసం వచ్చాను, మళ్లీ గుంటూరు ఆసుపత్రికి వెళుతున్నాను. మీ అన్నయ్య దగ్గర అత్తయ్య ఒక్కరే ఉన్నారు.

నువ్వు మిల్లు నుంచి రాగానే వసారాలో సీసా చూడు. అందులో చచ్చిన పురుగులున్నాయి, పారేయకు. పాత గిన్నెలో నీళ్లు పోసి నలిపి, గుడ్డలో వడకట్టు. కాస్త బెల్లం, బట్టల నీలిమందు కలిపి కాలవ అవతలి ఎకరంలో కొట్టు. పొద్దు వాలాకే కొట్టు. ఆ పురుగులను చంపిన వైరస్ ఎండకు నిలవదని వ్యవసాయాధికారి చెప్పారు. అది పురుగునే తప్ప మనిషిని ఏమీ చెయ్యదట.

మొదట ఆయనిచ్చిన వైరస్ నీళ్లు చేలో కొట్టినప్పుడు, ఐదారు రోజులు ఆగమని కూడా చెప్పారు. మీ అన్నయ్య ఆగలేదు. మూడో రోజుకీ పురుగు ఆకు తింటుంటే, "ఈ నీళ్లకి పురుగు చస్తుందా? పక్క చేలోవాళ్లు నవ్వుతున్నారే" అన్నారు. మిట్టమధ్యాహ్నం, మూతికి గుడ్డయినా లేకుండా విషపు మందు కొట్టి సాలు మధ్యలో పడిపోయారు. అది కలపడానికి బిందెలతో నీళ్లు మోసింది నేనే.

ఈ ఉదయం ఐదో రోజు. ఆ మందు పడని సాళ్లు చూశాను. పురుగులన్నీ నల్లబడి, కొమ్మల చివర తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటినే సీసాలోకి ఏరాను.

అన్నం ఉట్టి మీద ఉంది.

వదిన

నిన్న మీ అన్నయ్యకు కాస్త తెలివొచ్చి, "పురుగు చచ్చిందా?" అని అడిగారు. ఆయన బతకడం గురించి డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు. "మీరు కొట్టిన మందుకే చచ్చింది" అని చెబుతాను. నువ్వొచ్చినా అదే చెప్పు.