ఖాళీ వదిలిన పక్క

జూన్ 11

వైషు స్కూలు గౌను మూడోసారి విప్పాను. అంచు మళ్లీ కుడివైపు పైకి లేచింది. కత్తెర తప్పే చెయ్యి కాదు నాది... బెల్లంపల్లిలో మా వాడ ఆడవాళ్ల జాకెట్లన్నీ నేను కుట్టినవే.

అత్తమ్మ మంచం మీంచి — "గుడ్డ మంచిగనే ఉంది. పిల్లనే వంకర నిలవడ్తాంది. సక్కగ నిలవడు బిడ్డా."

సక్కగానే నిలబడింది పాపం. కింద పడిన గుండీ తీయమంటే వంగింది. వీపు మీద కుడి పక్క ఉబ్బెత్తు. చెయ్యి పెట్టి చూశాను. వెంటనే తీసేశాను.

జూన్ 12

ఆయన గని నుంచి రాగానే చూపించాను. "సంచి బరువుకు అట్లయితది తియ్" అన్నాడు. అని, అన్నం సగంలో వదిలేసి లేచాడు.

జూన్ 16

కరీంనగర్. ఎముకల డాక్టర్. ఎక్స్‌రే పలక మీద నా కూతురి వెన్నెముక — దారం వదులైన కుట్టులా పక్కకు జరిగి ఉంది. ఏడేళ్ల పిల్ల. ఇన్నాళ్లు ఈ చేతులతోనే వీపు రుద్ది స్నానం చేయించాను.

స్కేలు పెట్టి గీతలు గీశాడు. ముప్పై డిగ్రీలు దాటింది. "పిల్ల పెరిగిన కొద్దీ వంకర పెరుగుతదమ్మా. యాభై దాకా పోయిందంటే వీపు కోసి లోపల రాడ్లు వెయ్యాలె. ఇప్పుడు ఒంటికి బిగించే బ్రేస్ వేస్తే ఆపొచ్చు." ఆగి, కళ్లజోడు తీసి — "ఆపొచ్చు అంటున్న. ఆగుతదని అంటలేను."

వైషు బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. కోయడం అనే మాట విన్నదో లేదో...

జూన్ 17

ఏటేటా దాని గౌన్ల అంచు దించుతుంటే ఎంత సంబరం నాకు. ఇవాళ, పిల్ల పెరగొద్దని కోరుకున్నాను. ఏ తల్లైనా కోరుకుంటుందా ఇలా. దేవుడు వినకుంటే బాగుండు. వింటే కూడా బాగుండు.

జూన్ 21

ఏది కొనాలో తేలడం లేదు. మందుల షాపులో మెత్తటి బెల్టు ఉంది — సాగే గుడ్డ, ఒంటి రంగు, అతికించే పట్టీలు. వైషు వేసుకుని అద్దంలో చూసుకుంది, నవ్వింది. రెండోది ఒంటికి అచ్చు తీసి చేసే గట్టి ప్లాస్టిక్ డొప్ప. చంకల కింది నుంచి తుంటి దాకా. నమూనా చూపించగానే పిల్ల నా కొంగు వెనక్కు పోయింది.

డాక్టర్ చెప్పింది డొప్పే. ఆయనకు మనసొప్పడం లేదు. "బళ్ల పోరలు నవ్వుతరు. పిల్ల ముఖం చూడు జర. మెత్తటిదే తీస్కపోదాం."

అత్తమ్మ — "ఆముదం పెట్టి తోమితే పాయె. మా కాలంల గివన్ని ఎక్కడియి?"

చీరలకు ఫాల్స్ కుట్టడానికి వచ్చే షాహీన్ ఆపా కూడా — "జర సోంచాయించు, తొందరపడకు. పిల్ల నాజూకు."

అందరూ ప్రేమతోనే చెబుతున్నారు. అదే నా భయం.

జూన్ 22

మిషన్ ముందు కూర్చుంటే తెలిసింది. ఉత్త గుడ్డతో కాలర్ నిలబడదు. మెడ ఎటు వంగితే అటు వాలిపోతుంది. లోపల బక్రం, ఆ గట్టి గుడ్డ, పెడితేనే నిలుస్తుంది. మెత్తటి బెల్టు ఉత్త గుడ్డ. డొప్పే తీసుకుందాం అని చెప్పాను. మొదటిసారి నా కుట్టు పని ఇంట్లో అందరి నోళ్లూ మూయించింది.

జూలై 4

అచ్చు తీశారు. పిల్లను నిలబెట్టి ఒళ్లంతా తడి పిండికట్టు చుట్టారు. ఊపిరి తీసుకోవచ్చా అమ్మా అని అడిగింది. తీసుకో బిడ్డా...

జూలై 26

శ్రావణమాసం పెళ్లిళ్లు. నాకు కదలడానికి లేదు. ఆయనే పిల్లను తీసుకుని పోయి డొప్ప తెచ్చాడు. మీద సీతాకోకచిలుకల బొమ్మలు, వైషు కోరిక.

"ఎట్ల వెయ్యాలన్నరు?"

"స్నానానికి, ఆటలకు తియ్యాలె. తక్కిన టైమంత ఉంచాలె."

"ఇంకేమన్న చెప్పిండ్రా?"

"ఏందేందో చెప్పిండు. గంతే."

ఏందేందో అట. ఈయనను కూరగాయలకు పంపినా ఇదే వరస, చెప్పినవాటిలో సగం అంగట్లోనే వదిలేసి వస్తాడు.

జూలై 28

నాకు నచ్చలేదు. కుడి పక్క ఎర్రగా కమిలేటంత బిగుతు. ఎడమ పక్క చూస్తే ఒంటికి ఆనడమే లేదు, నా అరచెయ్యి లోపలికి పోతుంది. ఒక పక్క అంత పట్టి, ఒక పక్క ఇంత వదిలి... ఇది ఎవరి కొలత? ఇలాంటి జాకెట్ నేను ఇస్తే మొహాన కొట్టి పోతారు.

ఫోన్ చేసి అడుగుదామంటే ఆయన — "గాళ్లకు చదువు రాక చేసిండ్రా? నువ్వు చెప్తవా ఇప్పుడు?"

జూలై 30

అడగను. నా పిల్ల, నా సూది. జాకెట్లలో పెట్టే స్పాంజి రెండు పొరలు కత్తిరించి, మెత్తటి నూలు బట్ట తొడిగి, ఎడమ పక్క ఖాళీలో కూర్చునేలా కుట్టాను. డొప్ప ఇప్పుడు ఒంటికి అతికినట్టు ఉంది. కుడివైపు పట్టీ ఒక చిల్లు వదులు చేశాను. వైషు అటూ ఇటూ తిరిగి చూసుకుని — "ఇప్పుడు నొస్తలేదమ్మా!"

షాహీన్ ఆపా చూసి — "నీ చేతుల జాదూ ఉంది."

అత్తమ్మ కూడా మెచ్చుకుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఎదురుచూస్తున్న మెప్పు. ఎంత హాయిగా ఉందో ఈ రోజు.

ఆగస్టు 19

ఎర్ర మచ్చలు పోయాయి. డొప్పతోనే ఇల్లంతా తిరుగుతోంది. స్కూల్లో ఒకడు తాబేలు అన్నాడట, ఇది వాడి చెయ్యి కొరికి వచ్చిందట. బాగా చేసింది.

సెప్టెంబర్ 24

బతుకమ్మకు గౌను కుడుతున్నా. డొప్ప విప్పి కొలత తీశాను. కుడివైపు పొడవు, ఎడమవైపు పొడవు... టేపు తప్పు పట్టానేమో అని మళ్లీ తీశాను. మళ్లీ అంతే. జూన్ కంటే తేడా ఎక్కువ. పిల్ల సరిగ్గా నిలబడలేదేమో. సరిగ్గా నిలబడు అని కసిరాను. కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 29

వాడంతా బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే వైషు ఒక్కతే డొప్పలో నిటారుగా, తల పైన చప్పట్లు కొడుతూ. అత్తమ్మ — "గింత సేపు తీస్తే ఏమైతది?" తీయలేదు. గౌను మీది డొప్ప తీస్తే, నేను రెండు రకాలుగా కత్తిరించిన పక్కలు అందరికీ కనబడతాయి.

అక్టోబర్ 14

కరీంనగర్. డొప్ప ఒంటి మీద ఉంచే ఎక్స్‌రే తీశారు.

నలభై దాటింది.

డాక్టర్ బ్రేసులు చేసే ఆయనను పిలిచాడు. అతను డొప్ప విప్పి, లోపల వేళ్లు పెట్టి ఆగాడు. నా కుట్టు తెంపి స్పాంజి బయటికి తీశాడు.

"గిదెవ్వలు పెట్టిండ్రు?"

"నేనే."

"అమ్మా... కుడి దిక్కు నుంచి డొప్ప వెన్నును నూకుతది. నూకితే జరగనీకి జాగ కావాలె గదా. గందుకే ఎడమ దిక్కు ఖాళీ వదిలిన. మీరు గాడ గోడ కట్టిండ్రు." తర్వాత మా ఆయన వైపు తిరిగి — "మీకు చేత్తో చూపించి చెప్పిన గదా అన్నా!"

మా ఆయన కిటికీలోంచి ఆటోలు చూస్తున్నాడు.

డాక్టర్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "స్పాంజి లేకున్నా పెరిగేదేమో, చెప్పలేం. కొత్త అచ్చు తీద్దాం. ఆరు నెలలు చూస్తం. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్ మాట."

అక్టోబర్ 15

నిన్న పెద్దపల్లిలో రైలెక్కి వచ్చాం. బెల్లంపల్లిలో దిగాక అన్నాను, నువ్వు విని ఉంటే అని. "నువ్వు అడిగి ఉంటే" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కానీ కాలింది మా చేతులు కాదు. దాని వీపు.

ఇవాళ ఒక్క జాకెట్ కూడా కత్తిరించలేదు. కత్తెర పట్టుకుంటే నా మీద నాకే అసహ్యం.

నవంబర్ 8

కొత్త డొప్ప. ఈసారి నేనూ వెళ్లాను, ప్రతి మాటా రెండుసార్లు అడిగాను. పట్టీ ఎంతవరకు లాగాలో బ్రేసులు చేసే ఆయనతో గుర్తు పెట్టించుకున్నాను. "ఒత్తినట్టు తెలవాలె. అస్సలే తెలుస్తలేదంటే అది పని చేస్తలేనట్టు. పుండు పడితే మాత్రం ఫోన్ చెయ్యుండ్రి."

నవంబర్ 10

"అమ్మా, మెత్తది పెట్టు. అప్పుడు నొవ్వలే."

పెట్టను బిడ్డా.

"అప్పుడు పెట్టినవ్ గదా..."

పట్టీ గుర్తు దాకా లాగాను.

నవంబర్ 18

స్కూలు నుంచి వచ్చాక పట్టీలు విప్పుతుంటే ఎడమ పక్క నుంచి మడత పెట్టిన చేతిరుమాలు జారి పడింది. దాని వెనక సాక్సు. నా మడతే. నేను స్పాంజికి బట్ట మడిచినట్టే, అంచులు లోపలికి.

కొట్టాను. ఇన్నేళ్లలో మొదటిసారి. తర్వాత ఇద్దరం వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాం. ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

నవంబర్ 19

టీచరమ్మకు చెప్పి వచ్చాను. నలభై మంది పిల్లల్లో ఎన్నిసార్లని చూస్తుంది ఆవిడ మాత్రం? ఇంక పెట్టనని వైషు ఒట్టేసింది. నా మీద కాదు, వాకిట్లో తను సాకుతున్న కుక్కపిల్ల మీద వేసింది. అందుకే నమ్మాను.

నవంబర్ 27

రోజూ సాయంత్రం గేటు దగ్గరి నుంచే మొదలు — "నొస్తాందమ్మా, తియ్యమ్మా." అత్తమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుంటుంది. నాకు మాత్రం ఆ ఏడుపు వింటేనే నిమ్మళం. నొస్తోందంటే ఆ పక్క ఖాళీగా ఉన్నట్టు. ఖాళీగా ఉందంటే వెన్ను జరగడానికి చోటు ఉన్నట్టు. పిల్ల ఏడుపుకు దండం పెట్టుకునే తల్లినయ్యాను.

డిసెంబర్ 3

ఇవాళ గేటు తీసుకుని పాడుకుంటూ వచ్చింది. చెప్పులు విడిచి, సంచి పడేసి, పల్లీలు అడిగింది. డొప్ప మాటే ఎత్తలేదు.

"నొస్తలేదా బిడ్డా?"

"లేదు." పల్లీలు నములుతూ, నా వైపు చూడకుండా.

అలవాటు పడి ఉంటుంది. పిల్లలు దేనికైనా అలవాటు పడతారు... షాహీన్ ఆపా కూడా అదే అంది, ఆగు, ఇంక కొన్నాళ్లకు అలవాటైతది అని.

మిషన్ పక్కన వచ్చి నిలబడింది, వీపు నాకు తిప్పి. ఎడమ పక్క పట్టీ మీద చెయ్యి పెట్టాను. వైషు ఊపిరి బిగపట్టింది.