రత్నస్వామిగారి కైరాశి

తిరువళ్లూరు,
బుధవారం.

వెంగల్‌లో ఉన్న మా అక్కయ్య మునిలక్ష్మికి తమ్ముడు మునికృష్ణ నమస్కరించి రాయునది.

కుటుంబ లేఖలకు ఒక క్రమం ఉంది. మొదట క్షేమం, పిదప సమాచారం, ఆ పిదప మనవి. క్షేమం రూఢి కాకుండా మనవికి దిగడం విధివిరుద్ధం. ఆ ప్రకారం నేనూ, నీ మరదలూ, పిల్లలూ క్షేమమని ధ్రువీకరిస్తున్నాను. నా ఒక్కడి విషయంలో ఈ ధ్రువీకరణ కొంత సవరణకు లోబడి ఉంటుంది.

నిన్న మనిషి చేత పంపిన నీ జాబులో రెండు ప్రశ్నలు అడిగావు. మోకాలికి నువ్వు పంపిన నూనె పనిచేసింది. రెండోది, నీ మాటల్లోనే: "సత్య పనికి పోనని మూలన కూర్చోనుండాది. తీసుకుపోయిన క్యారియరు మూత గూడా తియ్యలేదు. ఏం జరిగినాదిరా?" దీనికి సవివరంగా జవాబివ్వాలి.

తిరుత్తణిలో మా కంటి ఆసుపత్రికి ఒక శాఖ ఉంది కదా. అక్కడి పదకొండు వేల మంది రోగుల వివరాలను సోమవారం ఇక్కడి డేటాబేస్‌లోకి దిగుమతి చేయడం జరిగింది. అన్నీ చక్కగా వచ్చి చేరాయి. ఆ క్షణం నుంచి అది ఒక్క అక్షరం కొత్తగా రాయనివ్వడం లేదు. పాత పేర్లు చూపుతుంది. కొత్త పేరు కొడితే 'చదవడానికి మాత్రమే' అంటుంది. ఆపరేషను తేదీ కోసం కే.జీ.కండిగై నుంచి వచ్చిన చెంగమ్మ అనే ముసలామెకు ఈ పరిస్థితిని అధికారికంగా వివరించాను.

"అంటే దానికి చూపుండాది, చెయ్యి లేదంటావు. నాకు చెయ్యుండాది, చూపు లేదు. మా ఇద్దరికీ పెండ్లి చేసేయప్పా!" అందామె.

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆసుపత్రి నియమావళిలో నవ్వుకు ఏర్పాటు లేదు.

మేనేజరు షణ్ముగంగారు విచారణ జరిపారు. కంప్యూటరు దగ్గర కూర్చునేది నీ కూతురు సత్యప్రియ. రిజిస్టరులో దిగుమతి చేసినవారు అన్న గడిలో, పద్ధతి ప్రకారం ఆ పని ఆమెది కనుక, ఆమె పేరే ఉంది. ఆ రాత నాది.

"నేను తొమ్మిదికి వచ్చేసరికే అది అట్లనే ఉండింది మామా. యాడ తప్పు చేసినానో చెప్పు, నేర్చుకుంటాను" అంది.

నేను సూపరింటెండెంటును. ఫైలు వైపు చూశాను. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

నిన్న చెన్నై నుంచి కంప్యూటరు మనిషి చంద్రు ఫోనులో చెప్పాడు: "డిస్కులో చోటుండాది సార్. అయితే ఫైలు ఎవురి పేరు మింద ఉండాదో చూడండి. ఆ పేరుతో లోపలికి పోయి, అందరికీ రాసే అనుమతి ఇచ్చేయండి. ఒక్క నిమిషం పని." చూశాను. పేరేమీ కనపడలేదని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇంతవరకు సమాచారం. ఇక మనవి: ఈ జాబు ఇంట్లో ఎవరికీ చదివి వినిపించవద్దు. సత్యకు తమిళమే గాని తెలుగు చదవడం రాదన్నది ఇన్నాళ్లూ మన ఇంటి లోటు. ఆ లోటును నమ్ముకునే ఇది రాస్తున్నాను.

పేరు కనపడింది అక్కా. అది రత్నస్వామిగారిది. మా ఆసుపత్రిలో మొదటి చీటీ రాసిన మనిషి. ఆయన కైరాశి, అదే హస్తవాసి, గొప్పదని ఏ కొత్త పనైనా ఆయన చేత్తోనే మొదలుపెట్టించేవాళ్లం. పోయిన ఆడి నెలలో ఆయన కాలం చేసినా, ఆ పేరును కంప్యూటరులోంచి తీసెయ్యడానికి మాకు మనసొప్పలేదు. పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉంది. సోమవారం రాహుకాలం రాకముందే, ఏడింటికి, ఆయన పేరుతో లోపలికి వెళ్లి దిగుమతి చేసింది నేనే. దానితో డేటాబేస్ మొత్తం చనిపోయిన మనిషి సొత్తయింది. బతికున్నవాళ్లం చూడగలం, అంతే.

ఒక్క నిమిషం చాలు. కానీ ఆ పేరుతో తలుపు తీస్తే, తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుస్తుంది. రెండు రోజులుగా ఆ నిమిషం ముందు కూర్చుని లేస్తున్నాను. తప్పు యాడుందో చెప్పమని ఆ బిడ్డ అడిగింది. చెబితే నేర్చుకుంటానంది.

ఈ రోజు షణ్ముగంగారు ఒక ఉత్తర్వు తయారు చేయమన్నారు. సంతకం ఆయనది, మాటలు నావి. నోటీసు బోర్డుకు అంటించింది కూడా నేనే:

"డేటాబేస్‌ను బాగుచేసిన వ్యక్తియే దానిని పాడుచేసిన వ్యక్తిగా పరిగణింపబడును. కావున దానిని ఎవరూ బాగుచేయరాదు. ఇదే తుది నిర్ణయము."

ఇట్లు,
నీ కూతురికి మేనమామ,
మునికృష్ణ.