కుడికాలి అచ్చు

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ చెల్లీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ అక్కా బావా కులాసాగా ఉన్నారని, ఆపరేషన్ చేసిన కళ్ళకు కట్టిన కట్టు మిమ్మల్ని మరీ విసిగించడం లేదని తలుస్తాను. ఈ ఉత్తరం అక్కే చదివి వినిపిస్తుంది కాబట్టి అక్షరాలు కాస్త గుండ్రంగా రాస్తున్నాను. లేకపోతే కోడి గీకినట్టుందని నా పరువు తీస్తుంది.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వరదకు మన చెప్పుల కొట్టు తడిసింది, కడిగేశాం. కుట్టుమిషను బాగానే ఉంది. చెల్లి వేళకు తింటోంది. లావు మాస్టారు నేను కుట్టిన బూట్లు వేసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చి, "మీ నాన్న చేతి బిగువు వేరయ్యా" అనేసి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది గానీ మాట నిజమే. ఇక, తుఫాను వస్తోంది, అచ్చులు పైకి ఎత్తావా అని రెండుసార్లు అడిగారు. ఎత్తాను నాన్నా. ఖాతాదారుల పాదాల చెక్క అచ్చులన్నీ మీరు చెప్పినట్టే ఒకే తాడుకు గుత్తిగా కట్టి దూలానికి లాగేశాం.

అక్కా, ఇక్కడ ఆపు. కట్టు విప్పేదాకా నాన్న కంట నీరు రాకూడదని డాక్టరు చెప్పాడన్నావు కదా. మిగతాది ఆ తర్వాతే చదువు. అడిగితే ఉత్తరం అయిపోయిందని చెప్పు. తప్పు నాది, అబద్ధం నీది. ఈ ఒక్కసారికి సర్దుకో.

నాన్నా, ఎత్తిన మాట నిజమే. దించిన మాట రాయలేదు.

గాలి రాత్రంతా రేకుల్ని పీకి పందిరేసింది. తెల్లారాక తుఫాను బలహీనపడిందని రేడియోలో చెప్పారు. "గాలి పడిపోయిందని మురిసిపోకు, నీళ్ళు వెనకాల వస్తాయి" అని మీరు ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ బడిగంట కొట్టే ఆయనకు జోళ్ళు ఇస్తానన్న రోజు దాటిపోయింది. ఆయన అచ్చు ఒక్కటి కావాలి. ఒకే తాడు కదా, ఒకటి దిగాలంటే అన్నీ దిగాలి. దించి గుత్తి విప్పాను.

"అన్నయ్యా, మిగతావి మళ్ళీ కట్టి లాగేద్దాం, ఓ చెయ్యి వెయ్యి" అంది చెల్లి.

"చుక్క వాన లేదు, నీకెందుకే అంత కంగారు? అన్నం తిన్నాక చూద్దాంలే" అన్నాను.

మేము అన్నం ముందు ఉండగానే, ఇక్కడ వాన లేకుండానే నీళ్ళు వచ్చిపడ్డాయి. ఎగువన కొండల మీద కురిసిందంతా కాలవ గట్టు దాటి ఒక్క ఊపున వీధిలోకి వచ్చింది. చెల్లిని అటక ఎక్కించి, మిషను ఎత్తి బల్ల మీద పెట్టి తిరిగేసరికి అచ్చులు గడప దాటుతున్నాయి. చెక్కవి కదా, తేలాయి. బేరం కుదరని ఖాతాదారుల్లా ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. నడుం లోతు నీళ్ళలో దిగి అందినవి ఏరాను. నీళ్ళు తీశాక సెలూన్ బాబాయి మురుగుకాలవలో వెతికి ఇంకొన్ని తెచ్చాడు. అచ్చు పోయిన ఖాతాదారులు నన్ను తిట్టుకుంటూనే వచ్చి మళ్ళీ పాదం కొలతలు ఇస్తున్నారు.

అమ్మ మళ్ళీ వచ్చి కొలత ఇవ్వలేదు కదా నాన్నా. ఆమె పోయాక కూడా మీరు నూనె రాసి దాచుకునే ఆమె అచ్చుల జత కూడా ఆ గుత్తిలోనే ఉండేది.

ఎడమది కంచెలో చిక్కి దొరికింది. కుడిది దొరకలేదు. "దీన్ని చూసి రెండోది చెక్కుకోవచ్చులేరా" అన్నాడు బాబాయి, నన్ను ఊరడించడానికి. ఆయనకేం తెలుసు? అమ్మ ఎడమ పాదానికి ఏ కొట్లోనైనా చెప్పు దొరికేది. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చిన కుడి పాదం కోసమే కదా మీరు ఆ జత చెక్కింది. నేను పోగొట్టింది ఆ పాదాన్నే.

మిషను పోతే ఇంకోటి కొనుక్కునేవాళ్ళం. ఆ మాట నాకూ తెలుసు. అయినా నా చేతులు ముందు మిషనునే ఎత్తాయి. అప్పటినుంచి అన్నం సయించడం లేదు.

ఎండిన చెక్క దిమ్మ ఒకటి తీసి ఉంచాను. మీరు రాగానే నన్ను తిట్టవలసింది తిట్టి, తర్వాత కళ్ళు మూసుకుని, ఆ ఎముక ఎంత ఎత్తుండేదో వేలితో చూపించండి. చెక్కే పని నాది. ఎడమ అచ్చుకు నూనె రాసి మళ్ళీ దూలానికి ఎత్తాం. ఈసారి ముడి చెల్లి వేసింది. తాడు నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇట్లు,
మీ మాట మీరిన మీ అబ్బాయి