ఏటిని వెనక పెట్టుకున్న ఆస్ట్రియా

కోదాడ, సోమవారం

నాయనా,

ఫోన్లో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. మామయ్య నన్ను చిన్నచూపు చూస్తున్నారని పోయినసారి ఏడ్చాను కదా, ఆ దిగులు ఇక వదిలెయ్.

నీ అల్లుడు హైదరాబాద్ నుంచి ఒక ఆట తెచ్చాడు. నూట అరవై ఏళ్ల కింద ప్రష్యా, ఆస్ట్రియా అనే రెండు జర్మన్ రాజ్యాలు చేసిన యుద్ధం అది. బల్ల నిండా పటం, అట్టముక్కల సైన్యాలు. మామయ్య సోషల్ సారు కదా, "గిది సదువుకున్నోళ్ల ఆటమ్మా" అని నన్ను రానివ్వలేదు. నిన్న జోడీ దొరక్క కూర్చోబెట్టుకున్నారు.

ఆయన ఆస్ట్రియా. సైన్యాన్నంతా గుట్ట మీద నిలిపారు, వెనకే ఎల్బే నది. నేను ఎదురుగా కొందరినే ఉంచి, మిగతావాళ్లను పక్కనుంచి తోలాను. వెనక్కి జరిగే దారి లేక ఆయన సైన్యం ఖతం.

"నీకెవరు నేర్పిండ్రమ్మా?" అన్నారు.

"మా నాయన. ఏటిని ఎనక పెట్టుకోని మందను ఆపితే, కుక్కలు పడ్డప్పుడు గొర్లు ఏటి పాలైతయని చెప్పిండు" అన్నాను.

ఓడినవాళ్లు చాయ్ పెట్టాలని పందెం. మామయ్య వంటింట్లోకి పోయి చక్కెర డబ్బా ఎక్కడుందని నన్నే అడిగారు.

నల్లగొర్రె ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చింతతొక్కు అయిపోయింది, కొంచెం పెట్టమను.

అమ్మకు, నీకు దండాలు. "ఆదివారం మీ నాయనను రమ్మను, పక్కన కూసోని నేర్చుకుంట" అంటున్నారు మామయ్య. మందను తిరుపతి బాబాయికి అప్పజెప్పి రా. చాయ్ ఆయనే పెడతారట.

నీ బిడ్డ
వనిత