నల్లబండ మీద తెల్లమచ్చ

వేణూ,

హాలులో నల్లబండలు ఉత్త నీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తు. బాత్‌రూం యాసిడ్ మాత్రం తగలనీయొద్దు, బండను తినేస్తాది. గడప కాడ ఆ తెల్లమచ్చ అట్లే పడింది.

నేనే బండ చెడగొట్టినానని మీయమ్మ చుట్టాల ముందర తిడతాంటే, నువ్వు తల ఎత్తకుండా సంగటి తింటాంటివి. ఈ పొద్దు గొడుగు కోసం నీ బండి డిక్కీ తీస్తే, సగమైపోయిన యాసిడ్ సీసా కనపడింది. గడపకు రంగేసేటప్పుడు బండ మీద పడిన పెయింటు మరక పోతాదని పోసింది నువ్వు. మాట పడింది నేను.

ఆళ్లగడ్డకు మాయమ్మ దగ్గరికి పోతాండా. పప్పు గిన్నెలో ఉంది, వేడి చేసుకో.

పూర్ణిమ

సీసా ఆ మచ్చ మీదనే పెట్టినా. సాయంత్రం మీయమ్మ బనగానపల్లె నుంచి వస్తాది. ఆమెకు నీ నోటితో చెప్పినాకనే దాన్ని తీయి.